సంగమ్మ పడవను నిలబెట్టిన ఉమారాణి గారు

1998 జూన్ 12వ తేదీ, శుక్రవారం నాడు, మృగశిర కార్తె తొలి జల్లుకు తడిసిన చీర కుచ్చెళ్ళను ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, సర్టిఫికెట్ల కవరును కొంగు చాటున దాచుకుని, చేవెళ్ళ బస్సు దిగి వచ్చిన శ్రీమతి ఉమారాణి గారు మన ఎర్రగట్టు జలవిహార కేంద్రంలో టికెట్ల గుమాస్తాగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాటి కేంద్రమంటే ఒక రేకుల గది, మెడ మీద రంగు పెచ్చులూడిన హంస పడవలు, ఒక తెడ్ల పడవ. వీటన్నిటినీ మించి మన వ్యవస్థాపకులు శ్రీ బుచ్చయ్య గారి మొండితనం. మొయినాబాద్‌లో తరతరాలుగా సేద్యం చేసుకుంటున్న కుటుంబంలో పుట్టిన బుచ్చయ్య గారు, ఎర్రగట్టు చెరువులో పడవలు తిప్పేందుకు అనుమతి తెచ్చుకుని, గట్టు పక్కనున్న సొంత మెట్ట చెలకలో ఈ కేంద్రాన్ని తెరిచినప్పుడు ఊళ్ళో నవ్వనివారు లేరు. ఉద్యోగం కోసం ఎదురుగా నిలబడిన ఆమెను ఆయన అడిగింది ఒకే ఒక ప్రశ్న.

"ఈత వస్తదా అమ్మా?"

"రాదు సార్. అందుకే పడవల ఒక్కరిని గూడ ఎక్కువ ఎక్కనియ్య."

"రేపటి సంది రా" అనబోయిన బుచ్చయ్య గారు మాట మార్చుకుని, "రేపెందుకు, గిప్పుడే కూసో" అని టికెట్ల పెట్టెను ఆమె ముందుకు జరిపారు.

చేవెళ్ళలో పుట్టి, అక్కడే చదువుకుని, వికారాబాద్‌లో డిగ్రీ పూర్తి చేసిన ఉమారాణి గారికి పడవలతో పూర్వపరిచయం లేదు. ఆమె భర్త శ్రీ గణేష్ గారు మెహిదీపట్నం బస్సులో కండక్టరు. "ఇంట్ల ఇద్దరం టికెట్లు చింపేటోళ్ళమే, మా పిల్లకు ఆడుకునేతందుకు కాయితాల ఫికర్ లేదు" అని ఆమె నవ్వుతూ చెప్పేవారు. అయితే టికెట్టు చింపి ఇవ్వడంతో తన పని ముగిసిందని ఆమె ఏనాడూ అనుకోలేదు. పట్నం నుంచి వచ్చేవారు లైఫ్ జాకెట్లు వేసుకోకుండా చేతికి తగిలించుకుని పడవ ఎక్కడం ఆమెకు మొదటి వారంలోనే కంటబడింది. ఎంత చెప్పినా వినకపోతే అది వారి మూర్ఖత్వమని మిగతావారు సరిపెట్టుకున్నారు. ఆమె మాత్రం ఒక జాకెట్టును ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. ఆ మరునాడే ఇంటి నుంచి కుంకుడుకాయలు తెచ్చి, అన్నిటినీ నానబెట్టి, ఉతికించి, గట్టు మీద తాడు కట్టించి ఆరవేయించారు. ఆ వారం నుంచి ఎవరినీ బతిమాలవలసిన అవసరం రాలేదు. వచ్చినవారు వేసుకోకపోవడానికి కారణం ధైర్యం కాదు, చెమట వాసన. నేటికీ ప్రతి సోమవారం మన గట్టు మీద ఆరే నారింజరంగు జాకెట్ల వరుస ఆనాడు మొదలైందే.

2001లో పర్యవేక్షకురాలిగా, 2004లో నిర్వాహకురాలిగా ఆమె పదోన్నతి పొందారు. అవి మన ప్రాంతపు ముఖచిత్రమే మారిపోతున్న రోజులు. మాదాపూర్, గచ్చిబౌలి వైపు అద్దాల భవనాలు లేచేకొద్దీ, వాటిలో పనిచేసే యువతీయువకులు శనివారాలు బస్సుల నిండా మొయినాబాద్ దారి పట్టారు. నిన్నటి దాకా టమాట, క్యారెట్ పండిన చెలకల చుట్టూ ప్రహరీ గోడలు లేచి, ఒక్కో గోడకు ఒక్కో ఫామ్‌హౌస్ పేరు పడింది. ఈ కొత్త అతిథుల కోసమే 2005లో బుచ్చయ్య గారు రెండంతస్తుల పడవను చేయించి, తన తల్లి పేరు పెట్టుకున్నారు. ఆకాశాన్నంటే పేర్లు ఎన్నో సూచించిన కంపెనీలవారికి ఆయన చెప్పిన సమాధానం ఒక్కటే: "మా అవ్వ పేరు సంగమ్మ. ఎక్కుతె ఎక్కున్రి." వారు ఎక్కారు. ఎక్కడమే కాదు, మళ్ళీ మళ్ళీ వచ్చారు. సంగమ్మ పై అంతస్తులో నిలబడి సూర్యాస్తమయం చూడటం ఒక వేడుకగా మారింది. ఆ ఒక్క పడవ మీద ఆధారపడి చుట్టుపక్కల గ్రామాల నుంచి డ్రైవర్లు, వంటవారు, శుభ్రం చేసేవారు కలిసి ఎన్నో కుటుంబాలు నిలదొక్కుకున్నాయి.

అటువంటి సమయంలో వచ్చింది 2006 దసరా.

మన కేంద్రంలో మొదటి నుంచీ ఒక ఆనవాయితీ ఉంది. ఆయుధపూజ నాడు పడవలను తలంటినంత శ్రద్ధగా కడుగుతారు. తెడ్లు, తాళ్ళు, పానాలు, పడవ అడుగున చేరే నీటిని తోడే చేతిపంపు, అన్నిటికీ కుంకుమ బొట్లు పెట్టి, షెడ్డులో అమ్మవారి పటం ముందు ఉంచుతారు. సిబ్బంది అందరిలోకీ పెద్దవారైన సాలమ్మవ్వ దసరా మరునాడు ఉద్వాసన చెప్పేదాకా ఆ పనిముట్లను ఎవరూ ముట్టరు. ఆ ఏడు కొత్త పడవ మీది మమకారం కొద్దీ, సీనియర్ డ్రైవరు శ్రీ మారయ్య గారు ఒక ట్యాంకరు నిండా నీళ్ళు తెప్పించి, పై అంతస్తు నుంచి కింది దాకా పైపుతో కడిగించారు. బంతిపూల తోరణాలు కట్టించారు. పలకల కింద పడవ అడుగున ఉండే ఖాళీ అరకు వేసిన మూత మీద పిండిముగ్గు వేయించి, పసుపు కుంకుమలతో అలంకరించి, నడుమ నిమ్మకాయ పెట్టించారు.

దసరా మరునాటి ఉదయమే భద్రతా తనిఖీకి అధికారి గారు వచ్చారు. వృత్తిలో నిక్కచ్చి మనిషిగా పేరున్నవారు. ఇంజను చూశారు, రెయిలింగు ఊపి చూశారు, జాకెట్లు చూసి మెచ్చుకున్నారు కూడా. చివరగా మనుషులకు బదులు ఇసుక బస్తాలు ఎక్కించి, వాటిని ఒక పక్కకు జరిపించి, పడవ ఎంత ఒరుగుతుందో పరీక్షించారు. సంగమ్మ ఒరిగింది. ఆగవలసిన చోట ఆగలేదు. మరింత ఒరిగింది. బస్తాలు తీసివేసినా వెంటనే నిటారుగా లేవక, నిద్రమత్తు వదలని మనిషిలా అటూ ఇటూ తూగింది. ఒడ్డున నిలబడి చూస్తున్న ఉమారాణి గారు చేతిలోని ప్రసాదం పళ్ళేన్ని గట్టు మీద దించి, నీటి అంచు దాకా వచ్చారు.

వారం లోపల ఉత్తర్వు వచ్చింది. పడవ నిర్మాణంలోనే స్థిరత్వం లోపించిందని, పై అంతస్తును శాశ్వతంగా మూసివేయాలని, తదుపరి ఆదేశాల వరకు పడవను కదిలించరాదని, అభ్యంతరముంటే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చునని అందులో ఉంది. ఉమారాణి గారు షెడ్డులో అందరికీ ఆ కాగితం చదివి వినిపించారు.

"ఆ సారుకు మనమంటేనే పడదు" అన్నారు మారయ్య గారు. "వచ్చినప్పుడే మొకం ముడుచుకున్నడు."

"నీ మొకం జూసినంక ఎవ్వడైనా ముడుచుకుంటడు తియ్యి" అన్నారు సాలమ్మవ్వ. నవ్వు రావలసిన చోట ఎవరికీ నవ్వు రాలేదు.

బుచ్చయ్య గారు తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "పై అంతస్తు మూస్తే కంపెనీలోళ్ళు రారు. వాళ్ళు రాకుంటే ఈ పడవ పాత ఇనుముకు గూడ పనికిరాదు. ఫామ్‌హౌస్ కట్టనీకి గట్టు పక్క చెలక అడిగినాయన మళ్ళ ఫోన్ చేసిండు ఉమా. ఇచ్చేస్త. చేసినంత చాలు."

"జర ఆగు బాపూ. అప్పీలు జేద్దాం."

"సర్కార్ తోని కొట్లాట పెట్టుకుంటవా?"

"కొట్లాట గాదు. అడుగుడు."

మాట పైకి ధైర్యంగానే వచ్చింది. కానీ ఆ రోజుల్లో ఆమెను నిలవనీయనిది చెలక అమ్మకం కాదు, ఉద్యోగం పోతుందన్న దిగులూ కాదు. ఆ ఒరగడాన్ని ఆమె తన కళ్ళతో చూశారు. అధికారి గారు కల్పించి రాయలేదు. సంగమ్మ నిజంగానే ఒరిగే పడవ అయితే, ఇన్నాళ్ళూ తాను చేయి పట్టి ఎక్కించిన పసిపిల్లల మాటేమిటి? పై అంతస్తు రెయిలింగు పట్టుకుని కేరింతలు కొట్టిన ఆ పిల్లలందరూ ఆమె కళ్ళలో మెదిలేవారు. అప్పీలు రాయడానికి కూర్చున్న ప్రతిసారీ "తొందరపాటు నిర్ణయం", "పక్షపాతం" వంటి మాటలు వచ్చి పడేవి. అవి నిజం కావని తెలిసి ఆమే కొట్టివేసేవారు. గెలవాలన్న కోరిక కంటే, తెలియాలన్న ఆరాటం ఆమెను ఎక్కువగా వేధించింది.

ఆ ఆరాటానికి జవాబు ఆమెకు సొంత ఇంటి పెరట్లోనే దొరికింది. ఒకనాటి ఉదయం బట్టలు జాడించిన టబ్బులో సగానికి నీళ్ళు మిగిలితే, మొక్కలకు పోద్దామని దాన్ని రెండు చేతులా ఎత్తారు. రెండడుగులు వేశారో లేదో, నీళ్ళు ఒక్కసారిగా ఒక పక్కకు కొట్టుకుని, మణికట్టును లాగి, ఆమెను గోడ వైపుకు నెట్టాయి. నిలదొక్కుకుందామంటే ఈసారి రెండో పక్కకు గుంజాయి. నిండు కుండ తొణకదని పుట్టినప్పటి నుంచి వింటున్న మాటే. సగం కుండ తొణకడమే కాదు, మోసే మనిషిని కూడా పడేస్తుందని ఆ క్షణాన ఒంటికి తెలిసింది. టబ్బును అక్కడే దించి, తడి కొంగు తడిగానే ఉండగా, ఆమె బస్సెక్కారు.

"మారయ్యా, దసరకు పడవ కడిగినంక పంపు కొట్టినవా?"

"ఏం పంపు మేడం?"

"అడుగు నీళ్ళు తోడే పంపు."

మారయ్య గారు షెడ్డు వైపు చేయి చూపారు. "పంపు పూజల ఉండె గదా! దేవి ముందట పెట్టినదాన్ని ఎట్ల ముడ్త? కండ్లు పోవా?"

"మర్నాడు పొద్దుగాల ఉద్వాసన చెప్పలేదా?"

"సాలమ్మవ్వ ఆలూరు పోయె, చుట్టాలకు జమ్మి పెట్టనీకి. వచ్చేవరకు సారొచ్చి పోయిండు. ఇగ పడవ బందాయె. పూజ ముచ్చట ఎవరికి యాదికుంటది?"

షెడ్డులోకి వెళ్ళి చూస్తే, చేతిపంపు అమ్మవారి పటం ముందు అట్లాగే ఉంది. ఎండిపోయిన బంతిదండ మెడలో వేసుకుని, పెట్టిన బొట్టు పెట్టినట్టే, పెళ్ళి ఆగిపోయిన పెళ్ళికొడుకులా కూర్చుని ఉంది. అక్కడి నుంచి ఇద్దరూ పడవ మీదికి వెళ్ళారు. చెరిగీ చెరగని ముగ్గు మీది నుంచి ముడుచుకుపోయిన నిమ్మకాయను ఉమారాణి గారు కళ్ళకద్దుకుని పక్కన పెట్టి, మూత ఎత్తించారు. కుళ్ళిన పూల వాసన గుప్పుమంది. పలకల కింద, పడవ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, పసుపు కుంకుమలు కలిసిన నీళ్ళు ఎర్రగా కదులుతున్నాయి. భక్తితో పోసిన ట్యాంకరు నీళ్ళన్నీ, వాటి మీద రాలిన పూలరేకలు, పసుపు కుంకుమలు పలకల సందుల నుంచి దిగి, తోడేవారు లేక, అక్కడే నిలిచిపోయాయి. తనిఖీ నాడు బస్తాలను ఒక పక్కకు జరిపినప్పుడల్లా ఈ నీళ్ళూ అదే పక్కకు పరుగెత్తాయన్నమాట.

మారయ్య గారు బకెట్టు కోసం పరుగు తీయబోయారు.

"తోడకు!" అన్నారు ఉమారాణి గారు. "ఒక్క చెంబెడు గూడ తియ్యకు. ఇప్పుడు తోడితే రేపు మన మాట నమ్మేదెవ్వరు?"

అసలైన పరీక్ష ఆ సాయంత్రం ఎదురైంది. విషయం విన్న బుచ్చయ్య గారి ముఖం వెలిగింది. పరీక్షకు ముందు అడుగు అర తెరిచి, అది పొడిగా ఉందో లేదో చూడాలన్నది తనిఖీ నిబంధనల్లోనే ఉంది. అధికారి గారు మూత తెరవలేదు.

"ఇంకేం గావాలె! మూత ఆయన తియ్యలే. గంతే రాయి. మనం నీళ్ళు తోడలేదన్న ముచ్చట ఎందుకు? మన తప్పు మనమే రాసిచ్చుకుంటే మన మెడకే సుట్టుకుంటది."

"మూత మీద ముగ్గు వేసింది మనం బాపూ. నిమ్మకాయ పెట్టింది మనం. తొక్కొద్దని ఆయన భక్తితోని పక్కకెల్లి పోయిండు. ఆయన భక్తినే ఆయన మీద కేసు జేస్తమా?"

"మరి ఓడిపోతే?"

"సగం చెప్పిన మాట గూడ సగం నీళ్ళ లెక్కనే బాపూ, ఎటో ఒక దిక్కు గుంజుతది. మొత్తం రాస్త. మళ్ళ పరీక్ష పెట్టమని అడుగుత. పొడి పడవ గూడ ఒరిగిందనుకో, ఒడ్డుకు కట్టేద్దాం. ఒరిగే పడవను గెలుచుకొని ఏం జేస్తం?"

 అంతలో బుచ్చయ్య గారికి చెలక అడుగుతున్న ఫామ్‌హౌస్ వ్యాపారి నుంచి ఫోను మోగింది. ఆయన దాన్ని ఎత్తకుండా తలపాగా చుట్టుకున్నారు. "రాయి" అన్నారు.

అప్పీలు విచారణ హైదరాబాదులో జరిగింది. పై అధికారి గారు కాగితం చదివి కళ్ళజోడు తీశారు. నిర్ణయాన్ని సవాలు చేస్తూ వచ్చినవారు ముందుగా తమ లోపాన్నే రాసుకోవడం ఆయనకు కొత్త. తనిఖీ అధికారి గారిని పిలిపించారు.

"అడుగు అర మూత తీసి చూశారా?"

"లేదు సార్."

"ఎందుకని?"

అధికారి గారు ఉన్నదున్నట్టు చెప్పారు. "ముగ్గు ఉండె సార్. పసుపు, కుంకుమ, నిమ్మకాయ. నేను గూడ ముందటి దినం ఇంట్ల బండి పూజ చేసుకున్న చేతులతోనే పోయిన. తొక్కబుద్ధి గాలే."

"పక్కకు జరపమని అడగొచ్చు కదా?"

"అడుగుదామనుకున్న సార్. గప్పుడే మేడం కొబ్బరిముక్క, పులిహోర చేతుల పెట్టింది."

విచారణ గదిలో నవ్వులు ఆగడానికి కొంత సమయం పట్టింది. పై అధికారి గారు నవ్వుతూనే ఉత్తర్వు చెప్పారు: అదే పడవకు, అదే అధికారి, తమ సమక్షంలో పరీక్ష మళ్ళీ జరపాలి, మొదట ఉన్న నీటితో, ఆ తర్వాత నీరు తోడించి.

ఆ పరీక్ష జరిగిన ఉదయాన్ని చూసినవారు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. చిల్కూరు వైపు పోవలసిన ఆటోలు సైతం గట్టు మీద ఆగిపోయాయి. ఆలూరు నుంచి సాలమ్మవ్వ చుట్టాలు వచ్చారు. ఒక కంపెనీవారు విహారానికి వచ్చి, సంగతి తెలిసి, టిఫిను పొట్లాలతో గట్టున కూర్చున్నారు. ముందుగా నీళ్ళతోనే పరీక్ష. బస్తాలు జరిపారు. సంగమ్మ మునుపటిలాగే ఒరిగింది, రెయిలింగు దాదాపు చెరువును ముద్దాడింది, గట్టంతా "అయ్యో" అంది. ఉమారాణి గారు మాత్రం కళ్ళు మూసుకోలేదు. ఈ ఒరగడం తనకు తెలిసినదే. తేలవలసింది తర్వాతిది.

ఇక నీరు తోడాలి. పంపు ఇంకా పూజలోనే ఉంది. అధికారులిద్దరూ షెడ్డు గుమ్మం ముందు బూట్లు విప్పి నిలబడగా, సాలమ్మవ్వ కొబ్బరికాయ కొట్టి, హారతి వెలిగించి, నిమ్మళంగా అమ్మవారికి ఉద్వాసన చెప్పడం మొదలుపెట్టారు.

"జల్ది కానియ్యి అవ్వా, సార్లు నిలబడ్డరు" అన్నారు బుచ్చయ్య గారు.

"నిలబడనియ్యి. అమ్మోరిని సాగనంపుడంటే బస్సు ఎక్కిచ్చినట్టా?"

ఆ తర్వాత మారయ్య గారు పంపు దండ తీసి, కళ్ళకద్దుకుని, కొట్టడం ఆరంభించారు. మొదటి ధారలోనే ఎర్రటి నీళ్ళు దూకాయి. నీళ్ళతో పాటు, నలిగి, నానినా బంగారు రంగు వదలని బంతి రేకలు గుప్పెళ్ళకొద్దీ వచ్చి చెరువు మీద పరుచుకున్నాయి. ఆ నీళ్ళు ఎప్పటివో, ఎక్కడి నుంచి వచ్చాయో ఇక ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. తనిఖీ అధికారి గారు వంగి ఒక రేకను తీసి, తన అరచేతిలో పెట్టుకుని చూశారు.  అడుగు అరలోకి తానే దిగి, చేత్తో తడిమి, పొడిగా ఉందని నిర్ధారించుకుని పైకి వచ్చారు. ఆయన మోకాళ్ళకు ముగ్గుపిండి అంటింది.

బస్తాలు మళ్ళీ జరిగాయి. సంగమ్మ ఒరిగింది. ఉమారాణి గారి గుండె ఒక్కసారి ఆగింది. పడవ కూడా ఆగింది. ఇరుకు బెంచీ మీద పక్కవారికి చోటిచ్చిన పెద్దావిడలా, జరగవలసినంత జరిగి, ఇక చాలన్నట్టు నిలబడిపోయింది. బస్తాలు తీయగానే నిటారుగా లేచింది. అధికారి గారు తృప్తిపడలేదు. రెండో పక్కకు జరిపించారు. బస్తాలను పై అంతస్తుకు ఎక్కించి మళ్ళీ చూశారు. మన పక్షాన అడగవలసిన పరీక్షలన్నీ ఆయనే అడిగి మరీ చేయించారు. చివరకు పై అధికారి గారి వైపు తిరిగి, గట్టు మీదివారందరికీ వినపడేటట్టు చెప్పారు: "నా ఉత్తర్వు రద్దు చేయొచ్చు సార్. పడవ మంచిగున్నది. రెండంతస్తులు నడపొచ్చు."

మారయ్య గారు హారను మీద చేయి వేసి తీయడం మరిచిపోయారు. గట్టంతా ఈలలు, చప్పట్లు. బుచ్చయ్య గారు తలపాగా ఎగరేస్తే అది పోయి చెరువులో పడింది. ఆ కోలాహలంలో ఉమారాణి గారు అధికారుల దగ్గరకు వెళ్ళి, ఒక షరతు రాయమని కోరారు: ప్రతి ప్రయాణానికి ముందు అడుగు అర మూత తెరిచి చూడనిదే పడవ కదలరాదు.

"అనుమతి వచ్చింది కదమ్మా, మీ అంతట మీరే షరతు పెట్టించుకుంటారా?" అని పై అధికారి గారు ఆశ్చర్యపోయారు.

"మేము మరిచిపోయేటోళ్ళమే సార్. రాసి ఉంటే మరువం."

ఆనాటి నుంచి మన కేంద్రంలో మూత తీసి, ప్రయాణికుల్లో ఒకరికి చూపించిన తర్వాతే సంగమ్మ తాడు విప్పుతున్నాం. గట్టు పక్క చెలక నేటికీ బుచ్చయ్య గారి కుటుంబం చేతిలోనే, ఏ గోడా లేకుండా ఉంది.

ఆ విజయం తర్వాత చుట్టుపక్కల చెరువుల్లో పడవలు నడిపేవారు తమకు వ్యతిరేకంగా వచ్చిన తనిఖీ నిర్ణయాలను పట్టుకుని ఉమారాణి గారి దగ్గరకు రావడం మొదలైంది. వారిలో కొందరికి ఆమె అప్పీలు రాసిచ్చారు. ఎక్కువమందిని మాత్రం, "సార్ చెప్పింది నిజమే. పోయి రెయిలింగు సక్కగ జేపియ్యి" అని వెనక్కి పంపారు. గెలిచిన కథ మాత్రమే చెప్పడం న్యాయం కాదు కనుక మరొకటి కూడా చెప్పాలి. 2009లో మన హంస పడవలు పనికిరావని నిర్ణయం వచ్చినప్పుడు ఆమె దాన్నీ సవాలు చేశారు, ఓడిపోయారు. విచారణ నుంచి తిరిగి వస్తూ బస్సులో, "వాటి మీద ప్రేమకొద్ది కొట్లాడిన గానీ, ఆయన చెప్పిందే కరెక్టు" అని ఒప్పుకున్నారు. ఆ హంసలే ఇప్పుడు మన ప్రవేశద్వారం దగ్గర మట్టి నింపుకుని, బంతి మొక్కలను మోస్తున్నాయి.

2012లో ప్రధాన నిర్వాహకురాలైన తరువాత, ఆమె ఆధ్వర్యంలో మన సిబ్బంది అందరూ ప్రాణరక్షణ శిక్షణ పొందారు. మరో రెండు పడవలు వచ్చి చేరాయి. సంగమ్మ ఇన్నేళ్ళలో ఒక్క ప్రమాదమూ ఎరుగదు. ఆనాటి తనిఖీ అధికారి గారు ఉద్యోగం నుంచి విరమించిన తర్వాత కూడా, ఏటా దసరా మరునాడు జమ్మి ఆకు పట్టుకుని మన కేంద్రానికి వస్తారు. ఉమారాణి గారి చేతిలో బంగారమని పెట్టి, "ముందుగాల మూత తియ్యున్రి, పులిహోర తర్వాత" అని నవ్వించి మరీ కూర్చుంటారు.

ఉమారాణి గారి పదవీ విరమణ దగ్గర పడుతుండగా, ఇక తనిఖీలవారితో మాట్లాడేదెవరని మారయ్య గారు దిగులుపడ్డారు. దానికి ఆమె ఇచ్చిన సమాధానం మన కార్యాలయం గోడ మీద రాసుకోదగినది: "తప్పు మనదైతే మనమే ముందుగాల చెప్పున్రి. వాళ్ళదైతే భయపడకుంట అడుగున్రి. ఇద్దరిదైతే, రెండూ ఒకే కాయితం మీద రాయున్రి. ఇందుల నేను చేసిందేమున్నది?"

చేసిందేమిటో మనకు తెలుసు. ఒక పడవను కాపాడటం కోసం కాదు, అది కాపాడదగినదో కాదో తెలుసుకోవడం కోసం ఆమె నిలబడ్డారు. అందుకే ఆ గెలుపులో ఓడినవారెవరూ లేరు. ఈ జూన్ నెలాఖరున విధుల నుంచి విరమిస్తున్న శ్రీమతి ఉమారాణి గారు, శ్రీ గణేష్ గారితో, కుమార్తె చిరంజీవి వెన్నెలతో కలిసి నిండు ఆరోగ్యంతో, నిశ్చింతతో నూరేళ్ళు వర్ధిల్లాలని, సిబ్బంది యావన్మందిమీ మనసారా కోరుకుంటున్నాం. ఇన్నేళ్ళుగా అందరినీ ఎక్కించి తాను ఒడ్డునే ఉండిపోయిన ఆమె, విరమణ దినాన సాయంత్రం సంగమ్మ పై అంతస్తులో మొదటి వరుసలో ప్రయాణికురాలిగా కూర్చోబోతున్నారు. మూత తీసి చూపించేది ఆమెకే.